యుద్ధం తర్వాత స్త్రీపర్వం ఉందా?

పిల్లల చేతికి వెళ్లే ఎపిక్ ఫాంటసీ నవలలపై ఒక చదువరుల బృందం తొలి ప్రణాళిక

1936లో ఇంగ్లండులో ఒక పదేళ్ల పిల్లాడు ఒక రాతప్రతి చదివి తన అభిప్రాయం కాగితం మీద పెట్టాడు. వాళ్ల నాన్న స్టాన్లీ అన్విన్ పుస్తక ప్రచురణకర్త. పిల్లల పుస్తకం ఎలా ఉందో పిల్లలే చెప్పాలని ఆయన నమ్మకం. చదివి రాసినందుకు కూలి ఒక షిల్లింగు. రేనర్ అనే ఆ కుర్రాడు కథ క్లుప్తంగా చెప్పాడు. పుస్తకం బాగుందన్నాడు. మ్యాపులుంటే చాలు, బొమ్మలక్కర్లేదన్నాడు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలందరికీ నచ్చుతుందన్నాడు. పదేళ్లవాడు కదా, తొమ్మిదేళ్లవాళ్లు వాడి కంటికి పసివాళ్లు! ఆ రాతప్రతి మరుసటి ఏడాది సెప్టెంబరులో అచ్చయింది. పేరు ‘ది హాబిట్’. రాసినాయన జె. ఆర్. ఆర్. టోల్కీన్.

ఆ చీటీలో రెండు తీర్పులున్నాయి. పుస్తకం ఎలా ఉంది అన్నది ఒకటి, ఎవరికి తగినది అన్నది రెండోది. మొదటి తీర్పు నిలబడింది. రెండోది తేలిపోయింది, ఎనభై ఏళ్లకు పైగా ఆ పుస్తకాన్ని తాతలూ చదువుతున్నారు. బొమ్మల సంగతీ తప్పే. టోల్కీన్ స్వయంగా గీసిన బొమ్మలతోనే అది వచ్చింది. అయినా మేము ఆ పిల్లాడినే మా తొలి గురువుగా పెట్టుకున్నాం. వాడు పుస్తకం మొత్తం చదివాడు. చదివాకే చెప్పాడు. చెప్పినదాని కింద తన పేరు పెట్టాడు.

ఈ మూడు పనులూ చేసే పెద్దవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టబోయి, వేళ్లు మిగిలిపోయి, ఈ ప్రణాళిక రాయాలనుకున్నాం.

మేము ఎవరం

ఇద్దరు బడి పంతుళ్లు, శాఖా గ్రంథాలయంలో పనిచేసే ఒకామె, ఒక అనువాదకుడు, నలుగురు తల్లిదండ్రులు, ఐదుగురు పిల్లలు. పిల్లల్లో చిన్నదానికి పదకొండు, పెద్దవాడికి పదహారు. ఈ కాగితం మీద ఉన్న ప్రతి వాక్యాన్నీ పిల్లలు చదివారు. రెండు వాక్యాలు కొట్టేశారు కూడా. ఈ ఉద్యమానికి పేరు పెట్టే పని వాళ్లకే వదిలాం. ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

తనదైన నేల, తనదైన చరిత్ర, తనదైన మంత్రవిద్య ఉన్న ఒక లోకాన్ని కట్టి, ఆ లోకమంతా తలకిందులయ్యే ఆపద ముందు కొద్దిమందిని నిలబెట్టే నవలను మేము ఎపిక్ ఫాంటసీ అంటున్నాం. మొదటి పేజీలోనే మ్యాపు ఉంటుంది. పుస్తకం దిండంత లావుంటుంది. ఒకదానితో చాలాసార్లు ఆగదు.

ఎందుకు ఇప్పుడు

మాలో ఒకాయన కొడుకు పదో పుట్టినరోజుకు ఒక లావుపాటి పుస్తకం కొన్నాడు. డ్రాగన్లున్నాయన్నారు, రాజులున్నారన్నారు, కొట్టువాడు బాగా అమ్ముడుపోతోందన్నాడు. అది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో రాసిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’. మొదట్లోనే ఒక ఏడేళ్ల పిల్లాడు చూడకూడనిది చూసినందుకు వాణ్ని గోపురం మీంచి తోసేస్తారు. ఒక పదమూడేళ్ల పిల్లను గుర్రాల దండు నాయకుడికి ఇచ్చి పెళ్లి చేస్తారు. ఆ తండ్రి సంగతి తెలుసుకునేటప్పటికి కొడుకు రెండొందల పేజీలు దాటాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, పుస్తకం మాత్రం మంచం కింద దాచాడు.

మాలో ఇంకొకరి కూతురు ఏడో తరగతిలో ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ని బడి లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. అందులో పిల్లాణ్ని ఒక నీడ వెంటాడుతుందనీ, పిల్లలు జడుసుకుంటారనీ ఒక తల్లి ఫిర్యాదు చేసింది. బడివాళ్లు పుస్తకం వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఫిర్యాదు చేసినామె పుస్తకం చదవలేదు. తాళం వేసినాయనా చదవలేదు. ఇద్దరూ వెనక అట్ట చదివారు.

ఒకచోట డ్రాగన్ కనిపించగానే పిల్లల పుస్తకం అనుకున్నారు. ఇంకోచోట నీడ కనిపించగానే కాదనుకున్నారు. ఇవ్వకూడని చోట ఇచ్చారు, ఆపకూడని చోట ఆపారు. రెండు చోట్లా పిల్లల మంచి కోరినవాళ్లే, రెండు చోట్లా పుస్తకం తెరవనివాళ్లే.

వీళ్లుగాక మూడో రకం వాళ్లున్నారు, ఎక్కువమంది వాళ్లే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో కూర్చున్న పిల్లాడికి ఏ కథల పుస్తకమైనా దండగే అనేవాళ్లు. వాళ్లతో వాదన ఈ ప్రణాళిక పని కాదు. చదివే పిల్ల చేతిలో ఇప్పటికే పుస్తకం ఉంది. అది ఏ పుస్తకం అన్నదే మా పని.

రెండు ప్రశ్నలు, వేరువేరుగా

పుస్తకం బాగుందా? ఈ పిల్లకు, ఇప్పుడు, తగినదా? ఈ రెండు ప్రశ్నలూ కలిపేస్తే రెంటికీ జవాబు దొరకదు. దీన్ని మూడు పుస్తకాలతో చెబుతాం.

మార్టిన్ నవల బాగుంది. సింహాసనం కోసం పెద్దలాడే ఆటకు పొలాల్లో ఉన్నవాడు ఎంత చెల్లించాలో అంత కచ్చితంగా లెక్కగట్టిన ఫాంటసీలు తక్కువ. కానీ పదేళ్ల పిల్లాడికి అది తగినది కాదు. ‘తగదు’ అన్నంత మాత్రాన ‘చెడ్డది’ అన్నట్టు కాదు.

క్రిస్టఫర్ పావోలీనీ ‘ఎరగాన్’ను పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టాడు. 2002లో వాళ్ల కుటుంబమే అచ్చువేసుకుంది, 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. పల్లెటూరి పిల్లాడు, దొరికిన గుడ్డు, ముసలి గురువు, దుర్మార్గ చక్రవర్తి. ఎముకలన్నీ ఎక్కడెక్కడివో తెలుస్తూనే ఉంటాయి. గుణంలో దాన్ని పై వరుసలో పెట్టలేం. కానీ పన్నెండేళ్ల పిల్లకు అందులో తగనిదేమీ లేదు. పైగా తనకన్నా మూడేళ్లే పెద్దవాడు ఇంత లావు పుస్తకం మొదలుపెట్టాడన్న సంగతి ఆమె చేతికి కలం ఇస్తుంది. ‘అంత గొప్పది కాదు’ అన్నంత మాత్రాన ‘వద్దు’ అన్నట్టు కాదు.

1968లో వచ్చిన ఎర్త్‌సీ నవల బాగుంది, పదకొండేళ్లు దాటిన చాలామందికి తగినది కూడా. అలాంటి పుస్తకాన్నే తాళం వేసి పెట్టారు. అందుకే కోపం.

గుణానికి మా కొలతలు

ఒకటి. మంత్రానికి ఖరీదు ఉండాలి. ఏ ఆపదకు ఆ మంత్రం సంచిలోంచి తీసే నవలలో ఆపదే ఉండదు. ఎర్త్‌సీలో మంత్రమంటే వస్తువు అసలు పేరు తెలియడం. ఆ పేరు నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇక్కడ వాన కురిపిస్తే ఇంకెక్కడో కరువు రావచ్చు. గెడ్ అనే మేకల కాపరి కుర్రాడు తోటివాడి ముందు గొప్పకు పోయి, చనిపోయినామె ఆత్మను పిలుస్తాడు. ఆ చీలిక గుండా ఒక నీడ బయటికొస్తుంది. దాన్ని మూయడానికి బడి పెద్ద తన శక్తినంతా పెట్టి ప్రాణం వదులుతాడు. గెడ్ ముఖం మీద మచ్చలు మిగులుతాయి. ఒక్క పిల్లాడి పంతానికి ఇంత ఖరీదు. ఆ లెక్కే నవల.

రెండు. భాష ఆ లోకానిదై ఉండాలి. లె గ్విన్ 1973లో రాసిన ఒక వ్యాసంలో ఒక పరీక్ష పెట్టింది. ఒక ఫాంటసీ నవలలోంచి కొంత సంభాషణ తీసుకుని, నాలుగు మాటలు మార్చింది. అది వాషింగ్టన్ రాజకీయ నాయకుల కబుర్లలా చక్కగా సరిపోయింది. మేము దీన్ని మన ఊరికి తెచ్చుకుంటాం. రాజు పేరు తీసి ఎమ్మెల్యే పేరు, కోట తీసి కలెక్టరాఫీసు పెట్టి చదవండి. ఏమీ తేడా రాకపోతే ఆ రచయిత కిరీటాలు అద్దెకు తెచ్చాడన్నమాట. దీనర్థం గ్రాంథికం కావాలని కాదు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో చందమామ భాష ఎంత తేట తెలుగో అందరికీ తెలుసు. ఆ తేటదనంలోనే మాంత్రికుడు మాంత్రికుడిలా, మంత్రి మంత్రిలా మాట్లాడేవాళ్లు.

మూడు. గెలుపుకు కూడా ఖరీదు ఉండాలి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఉంగరాన్ని మోసుకెళ్లిన ఫ్రోడో చివరి క్షణంలో దాన్ని పారేయలేకపోతాడు. లోకం బతుకుతుంది, కానీ అతని వల్లనే అని చెప్పలేం. ఇంటికొచ్చాక గాయం మానదు. అందరూ సుఖంగా ఉన్న ఊళ్లో తను ఉండలేక ఓడెక్కి వెళ్లిపోతాడు. ఇది రాసిన టోల్కీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ దగ్గర కందకాల్లో ఉండి వచ్చినవాడు.

నాలుగు. పెద్ద కొలత ఇది, ఈ కాగితానికి పేరు కూడా దీని నుంచే వచ్చింది.

స్త్రీపర్వం

మనం పిల్లలకు చీకటి కథలు చెప్పనివాళ్లమేమీ కాదు. ఆరేళ్ల పిల్లకు అన్నం కలిపి పెడుతూ పద్మవ్యూహంలో అభిమన్యుడి చావు చెబుతాం. ఏకలవ్యుడి బొటనవేలు చెబుతాం. నిండు సభలోకి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన సంగతి చెబుతాం. దానికి వయసు అడగం. ఇంగ్లిషు ఫాంటసీలో ఒక నీడ కనిపిస్తే మాత్రం పిల్ల జడుసుకుంటుందంటాం. ఈ రెండు నాలుకల మాట మానేద్దాం.

అయితే మహాభారతం పిల్లల చెవిన పడవచ్చని మేము కూడా అంటాం. పురాణం కాబట్టి అనడం లేదు. వ్యాసుడు పద్దెనిమిది రోజుల యుద్ధం చెప్పి నేరుగా పట్టాభిషేకానికి వెళ్లిపోలేదు కాబట్టి. మధ్యలో స్త్రీపర్వం పెట్టాడు. గాంధారి రణభూమిలో శవాల మధ్య నిలబడి తన కొడుకుల కోసమే కాదు, అభిమన్యుడి మీద పడి ఏడ్చే ఉత్తరను చూసి కూడా ఏడుస్తుంది. కృష్ణుణ్ని నిలదీస్తుంది, శపిస్తుంది. తిక్కన ఆ పర్వాన్ని తెలుగు చేసి మన చేతిలో పెట్టాడు. యుద్ధం ఎంత రక్తసిక్తంగా ఉన్నా, చివర ఆ ఏడుపు వినిపించిన కథ పిల్లను పాడుచేయదు. వినిపించని కథే చేస్తుంది, అందులో ఒక్క చుక్క నెత్తురు కనిపించకపోయినా సరే.

అందుకని ప్రతి ఎపిక్ ఫాంటసీనీ ఇది అడుగుతాం: యుద్ధం తర్వాత స్త్రీపర్వం ఉందా? చనిపోయినవాణ్ని తలచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? శత్రువు శవానికి ముఖం ఉందా?

ఒక్క సంపుటంలోనే రెండు జవాబులూ దొరకవచ్చు. 1954లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో సంపుటం ‘ది టూ టవర్స్’లో సామ్ అనే తోటమాలి శత్రుపక్షపు సైనికుడి శవాన్ని మొదటిసారి చూస్తాడు. అతని పేరేమిటో, నిజంగా దుర్మార్గుడేనా, ఏ అబద్ధాలు చెప్పి అంత దూరం తెచ్చారో అని ఆలోచిస్తాడు. అదే సంపుటంలో ఒక కోట యుద్ధంలో గిమ్లీ, లెగోలాస్ అనే ఇద్దరు నేస్తాలు తమలో ఎవరు ఎక్కువ శత్రువులను, అంటే ఓర్క్‌లను చంపారో పందెం వేసుకుంటారు. నలభై రెండు, నలభై ఒకటి. గిమ్లీ ఒక్కటితో గెలుస్తాడు. పాఠకుడు నవ్వుతాడు.

మా బృందంలో పదమూడేళ్ల పిల్ల ఇక్కడే ఆగింది. “ఓర్క్‌లకు అమ్మలుండరా?” అని అడిగింది. పెద్దవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. టోల్కీన్ కూడా ఓర్క్‌ల పుట్టుక గురించి చివరిదాకా ఒక నిర్ణయానికి రాలేకపోయాడు. ఆ నవలను ఈ కారణంగా వద్దనలేదు. ఆ ప్రశ్న పుట్టించింది కనుక ఇంకా పైకి ఎత్తాం. ఆ ప్రశ్న అడగడానికి పక్కన ఎవరూ లేకుండా ఆమె చదివి ఉంటే ఏమయ్యేదన్నదే మమ్మల్ని ఈ ఉద్యమం దాకా తెచ్చింది.

తగుదనానికి మా కొలతలు

ఒకటి. చదవగలగడం వేరు, తట్టుకోగలగడం వేరు. తొమ్మిదేళ్లకే ఎనిమిది వందల పేజీలు నమిలేసే పిల్లలున్నారు. ఆ పిల్ల కళ్ల వేగం ఆమె మనసు వయసు చెప్పదు. అలాగే పద్నాలుగేళ్లకు కూడబలుక్కుని చదివే పిల్లాడికి పసిపిల్లల కథ అంటగడితే వాడు పుస్తకమే మానేస్తాడు.

రెండు. అట్ట మీద వయసు అంకె వద్దు. 2008లో బ్రిటన్‌లో ప్రచురణకర్తలు పిల్లల పుస్తకాల మీద వయసులు అచ్చువేయబోతే ఫిలిప్ పుల్మన్, ఇంకా వందలమంది రచయితలు ఎదురు తిరిగారు. వాళ్లు చెప్పిన కారణం మాకూ నచ్చింది. నెమ్మదిగా చదివే పన్నెండేళ్ల పిల్లాణ్ని ‘తొమ్మిదేళ్లకు’ అన్న అంకె తోటివాళ్ల ముందు సిగ్గుపడేలా చేస్తుంది. మేము అంకె బదులు నాలుగు వాక్యాలు రాస్తాం. ఏముందో, ఎక్కడుందో, దాన్ని పుస్తకం ఎలా మోసిందో, ఎవరు పక్కన ఉంటే మంచిదో.

మూడు. వరుస పుస్తకాలను ఒక్క గంపలో వేయం. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో, ఏడోది 2007లో వచ్చాయి. కథలో పిల్లాడు పదకొండేళ్ల నుంచి పదిహేడుకు పెరిగాడు, చదివేవాళ్లూ వాడితోపాటే పదేళ్లు పెరిగారు. నాలుగో పుస్తకం చివర తోటి విద్యార్థి చనిపోయేటప్పటికి వాళ్లూ పెద్దవాళ్లయ్యారు. ఈ రోజు పిల్ల వేసవి సెలవుల్లో ఏడూ ఒక్క ఊపున చదివేస్తుంది. పదకొండేళ్లకు మొదలుపెట్టిన కథ పదకొండేళ్లు వెళ్లకుండానే పదిహేడేళ్లవాడి చావుబతుకుల దగ్గరికి చేరుతుంది. అందుకని సంపుటానికో తీర్పు.

నాలుగు. లైంగిక హింస దగ్గర మా గీత గట్టిది. దాన్ని వినోదంగా వర్ణించిన పుస్తకం పిల్లలకు ఇవ్వం. గంభీరంగా చెప్పిన పుస్తకమైతే పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లతో మాట్లాడుకుంటూ. ప్రేమ, ముద్దు, ఒంట్లో వచ్చే మార్పు వీటిని ఆ గాటన కట్టం. పుల్మన్ నవల ‘ది అంబర్ స్పైగ్లాస్’ 2000లో వచ్చినప్పుడు, లైరా అనే అమ్మాయి మనసులో మొదటిసారి మేలుకునే ఆకర్షణ గురించిన కొన్ని వాక్యాలను అమెరికా ప్రతిలో తీసేశారు. చదివేవాడికి చెప్పకుండా చేసిన కత్తిరింపు అది. మేము కత్తెర పట్టం. ఇస్తే పూర్తి పుస్తకం ఇస్తాం, లేకపోతే ‘ఇప్పుడు కాదు’ అంటాం.

అయిదు. ‘ఇప్పుడు కాదు’ అన్నప్పుడు ఎప్పుడో చెప్పాలి. ‘వద్దు’ అన్న పుస్తకం మంచం కిందికి వెళుతుంది. ‘పదో తరగతి అయ్యాక ఇద్దరం కలిసి చదువుదాం’ అన్న పుస్తకం అలమరలో, అందరికీ కనిపించేచోట ఉంటుంది.

ఆరు. పుస్తకాన్ని బట్టి కాదు, పిల్లను బట్టి. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1973లో రాసిన ‘ది బ్రదర్స్ లయన్‌హార్ట్’లో మొదటి అధ్యాయాల్లోనే ఇద్దరు అన్నదమ్ములూ చనిపోయి మరో లోకానికి వెళతారు. ముగింపులో తమ్ముడు అన్నను వీపున మోసుకుని కొండ అంచు నుంచి దూకుతాడు, ఇంకో లోకం కోసం. ఇది చావును అందంగా చూపిస్తోందని అప్పట్లో విమర్శకులు కలవరపడ్డారు. చావంటే భయపడే చాలామంది పిల్లలకు అది ఓదార్పు అయింది. ఈ మధ్యనే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లకు, బతుకు మీద విసుగు మాటలు మాట్లాడుతున్న పిల్లకు ఆ పుస్తకాన్ని మేము ఒంటరిగా ఇవ్వం. మాట్లాడతాం, ముందు ఆ పిల్లను చూస్తాం, పుస్తకాన్ని తర్వాత చూస్తాం. ఇదే పుస్తకం ఆమె పక్కింటి పిల్లకు ఇవాళే ఇవ్వవచ్చు.

ఏడు. ఎవరు లేరో కూడా చూడాలి. ‘ది హాబిట్’లో మాట్లాడే ఆడపాత్ర ఒక్కటీ లేదు. నార్నియా నవలల్లోని చివరి పుస్తకంలో, లిప్‌స్టిక్ మీదా విందుల మీదా మనసు పడిందని, అక్క సూసన్‌ను తక్కినవాళ్ల నుంచి వేరుచేసి పెడతారు. ఎర్త్‌సీలో గెడ్ చామనఛాయవాడు, అతని స్నేహితుడు నల్లనివాడు. 2004లో దాన్ని టీవీకి తీసినప్పుడు గెడ్ పాత్రకు తెల్ల నటుణ్ని పెడితే లె గ్విన్ బహిరంగంగానే తప్పుపట్టింది. పిల్లలకు ఈ పుస్తకాలు ఇస్తాం. ఖాళీ కుర్చీలను కూడా చూపించి ఇస్తాం.

మన అలమర కూడా

ఈ కొలతలు బయటి పుస్తకాలకే అంటే అది న్యాయం కాదు. మనకు ఈ తరహా కథ కొత్త కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’లో ఒక పసిపాప నోరు విప్పి పూర్వజన్మ చెబితేగానీ కథ చిక్కు విడదు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడు కాశీకి పోతూ మజిలీకో కథ చెబుతాడు. వేసవి సెలవుల్లో పెద్దల అలమరలోంచి వాటిని దొంగిలించి చదివిన తరాలు ఉన్నాయి. అందులో శృంగారం పాలు ఎంతో ఎవరూ అడగలేదు, తెలుగు పుస్తకం కదా అని. 1947లో పుట్టిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు మాలో పెద్దవాళ్ల బాల్యంలో సగం.

వాటిని ప్రేమిస్తూనే అడుగుతాం. అడవిలో ఉండేవాడు అనాగరికుడే ఎందుకవ్వాలి? రాజకుమార్తె అర్ధరాజ్యంతోపాటు ఇచ్చే బహుమానమే ఎందుకవ్వాలి? ప్రేమించిన పుస్తకాన్ని నిలదీయలేనివాడికి ప్రేమించని పుస్తకాన్ని తీసిపారేసే హక్కు లేదు.

చందమామ మాకు ఇంకొకటి కూడా ఇచ్చింది. బేతాళ కథ. ప్రతి కథ చివర శవంలోని బేతాళుడు విక్రమార్కుణ్ని ఒక ప్రశ్న అడుగుతాడు. ఎవరిది తప్పు, ఎవరిది గొప్ప, ఆ పని ఎందుకు చేశాడు? జవాబు తెలిసీ మాట్లాడకపోతే తల పగులుతుంది. నెలనెలా లక్షలమంది పిల్లలు రాజు కంటే ముందే జవాబు చెప్పడానికి ప్రయత్నించారు. తీర్పు చెప్పడం అంటే ఏమిటో తెలుగు పిల్లలు అక్కడ నేర్చుకున్నారు. మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సిన పనిలేదు, గుర్తుచేస్తే చాలు.

మేము చేయబోయేవి

1. నెలకొక ఎపిక్ ఫాంటసీ నవలను ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు పూర్తిగా చదువుతారు. పూర్తిగా అంటే చివరి పేజీ దాకా. సగంలో ఆపినవాళ్లు ‘సగంలో ఆపాను, కారణం ఇది’ అని రాస్తారు. అది కూడా తీర్పే.

2. తీర్పు ఒక్క కాగితం దాటదు. పై సగం గుణం, కింది సగం తగుదనం. మధ్యలో గీత ఉంటుంది. పెద్దల తీర్పు, పిల్లల తీర్పు పక్కపక్కన. ఏకాభిప్రాయం కుదరకపోతే కుదరలేదనే రాస్తాం.

3. పిల్లల తీర్పుకు కూలి ఇస్తాం. రేనర్‌కు ఒక షిల్లింగు ఇచ్చారు. మేము పది రూపాయలిస్తాం. అభిప్రాయం చెప్పడం పనే అని పిల్లలకు తెలియాలి. నచ్చలేదని రాసినా అంతే కూలి.

4. ప్రతి సమావేశం ఒక బేతాళ ప్రశ్నతో ముగుస్తుంది. దానికి ఒకే జవాబు ఉండకూడదు. గెడ్ నీడకు తన సొంత పేరే పెట్టి పిలిచినప్పుడు గెలిచాడా, ఓడాడా? జవాబు ఇంటికి తీసుకెళ్లాలి.

5. ఇంగ్లిషులో చదివిన కథను పిల్లలు ఇంట్లో తెలుగులో చెప్పాలి. మన పిల్లల చేతుల్లో ఉన్న ఫాంటసీల్లో చాలావాటిని అమ్మమ్మలు చదవలేరు. వాళ్లకు చెప్పండి. కొన్ని నవలలు చెబుతుండగానే ఊపిరి పోసుకుంటాయి, కొన్ని మూడు వాక్యాలకే అయిపోతాయి. ఇంతకు మించిన గుణపరీక్ష మాకు దొరకలేదు. అమ్మమ్మ మధ్యలో “అయ్యో, వాడి తల్లి ఏమయిందే?” అని అడుగుతుంది. అదే స్త్రీపర్వం.

6. ఏ పుస్తకాన్నీ లైబ్రరీలోంచి తీయించం. తాళం వేసిన చోటికి వెళ్లి, ముందు చదవండి, తర్వాత మాట్లాడదాం అంటాం. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్క ప్రకారం 2000 నుంచి 2009 దాకా అక్కడ అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరాలు వచ్చింది హ్యారీ పోటర్ పుస్తకాల మీద. అభ్యంతరం పెట్టిన ఇళ్లలో పిల్లలు చదవలేదా? చదివారు, మాట్లాడుకోవడానికి ఎవరూ లేకుండా చదివారు.

7. తెలుగులో పిల్లల కోసం ఎపిక్ ఫాంటసీ రాసేవాళ్ల రాతప్రతిని అడిగితే అచ్చుకు ముందే చదువుతాం. మొహమాటం ఉండదు. మా పదకొండేళ్ల పిల్లకు అసలే ఉండదు.

మా తప్పుల సంగతి

మా తీర్పులు తప్పుతాయి. రేనర్ తప్పాడు, మేమెంత? అందుకని ప్రతి తీర్పు కింద పేరు, తేదీ ఉంటాయి. మూడేళ్ల తర్వాత అదే పుస్తకాన్ని అదే పిల్లలు మళ్లీ చదువుతారు. పాత కాగితం చించం, కొత్తది దాని పక్కన పెడతాం. పన్నెండేళ్లకు గొప్పగా తోచిన డ్రాగన్ పదిహేనేళ్లకు బొమ్మలా కనిపిస్తే, ఆ తేడాలోనే పిల్ల ఎంత పెరిగిందో తెలుస్తుంది.

రేనర్ కూడా మళ్లీ ఒక తీర్పు చెప్పాడు. పెద్దవాడై తండ్రి సంస్థలోనే పనిచేస్తూ, 1950లలో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాతప్రతి ముందు కూర్చున్నాడు. ఇది అచ్చువేస్తే వెయ్యి పౌండ్లు నష్టం రావచ్చని, కానీ ఇది గొప్ప రచన అని తండ్రికి రాశాడు. అంత గొప్పదని నువ్వు నమ్మితే వెయ్యి పౌండ్లు పోగొట్టుకోవచ్చని తండ్రి జవాబిచ్చాడు. పదేళ్లప్పుడు షిల్లింగు ఇచ్చి అడిగిన కొడుకు తీర్పును, వాడు పెద్దయ్యాక ఆ తండ్రి వెయ్యి పౌండ్లు పణంపెట్టి నమ్మాడు.

రండి

నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటాం. చదివిన పుస్తకం ఒకటి తెచ్చుకోండి, మీతో వాదించే పిల్లనో పిల్లాణ్నో ఒకరిని వెంటబెట్టుకు రండి. పుస్తకం చదవనివాళ్లు కూడా రావచ్చు. టీ ఇస్తాం, వినవచ్చు. ఓటు మాత్రం ఉండదు.